వార్తల్లో పదం: ఆక్టేన్ నంబర్

ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌పై చర్చతో ఈ మాట మళ్లీ వినిపిస్తోంది. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు, స్పార్క్ ప్లగ్ మంట చేరకముందే తనంతట తాను అంటుకోకుండా పెట్రోల్ ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే కొలత ఇది. ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు 0. ఇంధనంలో ఎంత శక్తి ఉందో మాత్రం ఇది చెప్పదు.

కొన్ని టర్బో, హై కంప్రెషన్ ఇంజిన్లకు ఎక్కువ ఆక్టేన్ కావాలి. తక్కువది పోస్తే, మండుటెండలో నిండు లోడుతో నల్లగండ్ల ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్‌లో ‘టక టక’ శబ్దం రావచ్చు. అదే నాకింగ్. కొత్త కార్లలో నాక్ సెన్సర్ దాన్ని పసిగట్టి స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. ఇంజిన్‌కు ముప్పు తప్పుతుంది కానీ పికప్, మైలేజీ తగ్గుతాయి. సెన్సర్ లేని పాత బండ్లలో నాకింగ్ కొనసాగితే పిస్టన్లే దెబ్బతింటాయి.

బీఎస్-6 మామూలు పెట్రోల్‌కు కనీసం 91, ఇ20కి 95 ఉండాలి. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో ఎక్స్‌పీ100 తెచ్చింది. ఇవన్నీ ‘రాన్’ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్) అంకెలు. అమెరికా బంకుల లెక్క వేరు. అక్కడి 87 దాదాపు ఇక్కడి 91తో సమానం.

పెట్రోల్ మూత లోపల, మాన్యువల్‌లో ఉన్న అంకె చూసుకోండి. 91 చాలన్న బండికి ప్రీమియం దండగ. ఎక్కువ తప్పనిసరి అన్న బండికి పొరపాటున తక్కువది పోయించుకుంటే, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా నడిపి, వీలైనంత త్వరగా సరైనది పోయించండి.