నా వాటాకొచ్చిన గాజు గుండు

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు షోకేసు ముందు ఆగిపోతారు. "ఇవేంటండీ ఇంతేసి ఉన్నాయి, దీపాలా?" అంటారు. కాదండీ, పేపర్ వెయిట్లు. మామూలు పేపర్ వెయిట్ పిడికిట్లో ఇముడుతుంది. నావి రెండు చేతులా పట్టుకుని ఎత్తాల్సినవి. మొత్తం పద్నాలుగు. "చీరలు కొనుక్కోమంటే గుండ్లు కొంటుంది" అని మావారు అందరికీ చెబుతారు.

మొదటిది మాత్రం కొన్నది కాదు, వాటాలో వచ్చింది.

నా పుట్టిల్లు గంగారం. అప్పట్లో వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. మా బాపు బడిపంతులు. ఆయన బల్ల మీద ఓ గాజు గుండు ఉండేది. లోపల నీలం పూలు, వాటి చుట్టూ వెండి చుక్కల్లాంటి బుడగలు, అడుగున అంటించిన ఆకుపచ్చ గుడ్డ. పిల్లలం దానికి కన్ను ఆనించి చూస్తుంటే "బెల్జియం గాజు బిడ్డా, పైలం" అనేవాడు. మా వైపు మంచి అద్దమైనా, మంచి గాజైనా బెల్జియందే!

బాపు పోయాక ఇల్లూ, చెలకా అన్నలిద్దరూ పంచుకుందామనుకున్నారు. "నీకేం కావాలె చెల్లె?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే పెద్దన్న ఆ గుండు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "బెల్జియంది. వేలల్ల పలుకుతది. బాపు గుర్తుగ ఉంచుకో" అన్నాడు. సంతకం సంగతి తర్వాత చూసుకుందామన్నారు. చట్టం నాకు తెలియక కాదు, డిగ్రీ చదివినదాన్నే. కానీ పుట్టింటి గడప దగ్గర చట్టం నోటికి రాదు. "ముందు దీని ధరేంటో తెలుసుకోనీ అన్నా" అని మాత్రం అనగలిగాను.

ఆ మాట నిలబెట్టుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. పోల్చి చూడాలంటే ఇంకోటి కావాలి కదా! హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా జుమ్మేరాత్ బజార్లో పాత సామాన్ల మధ్య వెతకడం అలవాటైంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు సామాను చూడ్డానికి రెండుసార్లు వెళ్లాను. ఏం లాభం? వాటిని తిరగేసి అడుగు చూడనివ్వరు. గుండు పుట్టుక అడుగునే ఉంటుంది.

ఎందుకంటే, కరిగిన గాజును ఇనుప కడ్డీ కొనకు తీసుకుని గుండ్రంగా తిప్పుతూ రూపం తెస్తారు. ఆఖర్న కడ్డీ నుంచి విడగొట్టినచోట పసిబిడ్డ బొడ్డులాంటి మచ్చ మిగులుతుంది. మంచి కార్ఖానాలో దాన్ని అరగదీసి నునుపు చేస్తారు. చవక సరుకులో గరుకుగానే వదిలేస్తారు, లేదా గుడ్డ ముక్క అంటించి కప్పేస్తారు. స్కాట్లాండులో 1961లో మొదలైన కైత్‌నెస్ వాళ్లు చాలావాటికి అడుగున పేరు చెక్కారు. 1968 నుంచి 2002 దాకా నడిచిన పెర్త్‌షైర్ వాళ్లు 'పి' అక్షరాన్ని గాజులోనే పొదిగేవారు. ఆ రెండూ ఇంతవరకు నా చేతికి చిక్కలేదు.

ఈ గుండ్ల సరదా యూరప్‌లో 1845 ప్రాంతంలో మొదలైంది. ఆ ఏడాది వియన్నా ప్రదర్శనలో వెనిస్‌కు చెందిన పియెట్రో బిగాల్యా వీటిని పెట్టాడు. ఆ వెంటనే ఫ్రాన్సులో సెయింట్ లూయీ, బకారా, క్లిషీ కార్ఖానాలు అందుకున్నాయి. అవన్నీ చాలావరకు మూడంగుళాల లోపువి. నాలుగంగుళాలు దాటితే సేకరించేవాళ్లు 'మాగ్నం' అంటారు.

పెద్దది చేయడం సులువు కాదు. చల్లటి గ్లాసులో మరిగే పాలు పోస్తే చిట్లుతుందే, అదే సూత్రం. పైన చల్లారి లోపల వేడి మిగిలితే గుండు పగులుతుంది. అందుకని బట్టీలో పెట్టి మెల్లగా చల్లారుస్తారు. చిన్నదానికి ఒక రాత్రి చాలితే పెద్దదానికి రోజులు కావాలి. ఇక బుడగలంటారా, వరసగా ఉంటే మేకుల అచ్చుతో గుంటలు చేసి, పైన మరో పొర గాజు ఎక్కించారన్నమాట. నురగలా సన్నగా ఉంటే వేడి గాజు మీద తినే సోడా చల్లి ఉండొచ్చు. మనం బజ్జీల పిండిలో వేసేదే!

ఓ దుకాణంలో 'ఇటలీ మురానో' అంటే నమ్మి 1,800 పోసి ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి కడిగితే అడుగున 'చైనా' స్టిక్కర్ జిగురు, సగం అక్షరాలు. అసలైన మురానో సరుకుకు 1994 చట్టం ప్రకారం ఒక ముద్ర ఉందని అప్పుడే చదివాను. చదివి కొనాలి, కొని చదివితే ఇంతే. దాన్ని కిటికీలో పెడితే మరో కొరివి. ఎండ దాంట్లోంచి సూదిలా దిగి మా అబ్బాయి లెక్కల పుస్తకం అట్టను కాల్చింది. గాజు గుండ్లున్న వాళ్లు కిటికీకి దూరంగా పెట్టుకోండి.

చివరికి బాపు గుండు వంతు. నిజానికి దాన్ని పరీక్షించడానికి భయపడుతూ వచ్చాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఉల్లిగడ్డల వల సంచిలో వేసి, లగేజీ తూచే కొక్కేనికి తగిలించాను. రెండు కిలోల వంద గ్రాములు. అలాగే బకెట్ నీళ్లలో ముంచి తూస్తే 1,260 గ్రాములు. తగ్గింది 840. మొదటి బరువును తగ్గిన బరువుతో భాగిస్తే 2.5. ఇంటర్‌లో చదివిన ఆర్కిమిడీస్ ఇన్నాళ్లకు పనికొచ్చాడు. సీసం కలిసిన ఖరీదైన క్రిస్టల్ అయితే యూరప్ నిబంధన ప్రకారం 2.9కి తగ్గకూడదు. 2.5 అంటే సోడా, సున్నం, ఇసుకతో చేసే మామూలు గాజు. కానీ మురానో గాజు కూడా సోడా గాజే, కాబట్టి ఈ లెక్కతో ఊరు తెలియదు.

ఊరు చెప్పింది తడిసిన గుడ్డ. నీళ్లలో నాని ఊడొచ్చింది. కింద గరుకు బొడ్డు, దాని పక్కన చిరిగిన కాగితం మీద హిందీలో మూడక్షరాలు: ఫిరోజా.

ఫిరోజాబాద్. ఆగ్రాకు నలభై కిలోమీటర్ల దూరం. మన చేతులకు గాజులు పంపే ఊరు. తాజ్‌మహల్ పాడవుతోందని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ చుట్టుపక్కల పరిశ్రమల్లో బొగ్గు మానెయ్యమన్నప్పుడు అక్కడి కొలిములు గ్యాసుకు మారాల్సి వచ్చింది. బాపు గుండు అంతకుముందుదే, అంటే బొగ్గు మంట మీద పుట్టిందై ఉండాలి.

అమ్మకు ఫోన్ చేశాను. "ఆగ్రా పోయినప్పుడు కొన్నం. ఒక్క కొట్లనే నాకు గాజులు, ఆయనకు ఆ గుండు" అంది తాపీగా.

"మరి బెల్జియం అనేటోడు గదా?"

"అట్లంటెనే మీరు పైలంగ పట్టుకుంటరని."

చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత వంటింట్లోకి వెళ్లి కొంచెంసేపు ఏడ్చాను. బెల్జియం కానందుకు కాదు.

పెద్దన్న మొన్న ఫోన్ చేశాడు. "ఎంత పలుకుతదంట?" అన్నాడు.

"ఫిరోజాబాద్‌ది అన్నా. ఐదారు వందలు."

అటువైపు చప్పుడు లేదు. వదిన ఏదో అడుగుతున్నట్టు మాత్రం వినిపించింది.

"గుండు నా దగ్గరనే ఉంటది. చెలక కాయితాలు మాత్రం తీసి పెట్టు, సంక్రాంతికి వస్తున్న" అన్నాను.