బజారు ఎక్కడ?

మక్కాలో సర్వస్వం విడిచి మదీనా చేరిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరులు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తమ ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన దీవించి, ఇక్కడ బజారు ఎక్కడుందని మాత్రమే అడిగారు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్లి, కొంత పనీరు, నెయ్యి సంపాదించుకొని తిరిగివచ్చారు.

ఈ వృత్తాంతాన్ని మేము ఏటా విద్యార్థులకు బోధిస్తూనే ఉన్నాము. అయినా మా మహల్లాలో ఒక పేద యువకునికి జకాత్ సొమ్ముతో మొబైల్ రిపేరు దుకాణం పెట్టించినపుడు, ఆ వీధిలో అప్పటికే అటువంటివి నాలుగున్నాయన్న సంగతి మాకు పట్టలేదు. ఆరు నెలలకే అది మూతపడింది. అతడు మాకు ఎదురుపడటమే మానుకున్నాడు. తప్పు అతనిది కాదు, బజారు చూడకుండా డబ్బిచ్చిన మాది.

రెండవ యువకుని చేతికి ముందు సొమ్ము కాదు, ఒక నోటు పుస్తకం ఇచ్చాము. జనం దేనికోసం పక్క పట్టణానికి పోతున్నారు? ఏ దుకాణంలో అరువు పేరుకుపోతున్నది? గిరాకీ ఏ నెలలో పడిపోతుంది? అద్దె పోగా మిగిలేదెంత? పదిహేను రోజులు తిరిగి రాసుకొచ్చాడు. ఇళ్లలో బట్టలు కుట్టే స్త్రీలు, మిషను చెడితే ఆటోలో పట్టణానికి మోసుకుపోతున్నారట. ఇన్నేళ్లుగా ఆ గడపల ముందే నడుస్తున్న మాకు తెలియని విషయమిది!

అతడు పట్టణంలో ఒక మెకానిక్ వద్ద పని నేర్చుకున్నాడు. పనిముట్ల సంచీ తప్ప పెట్టుబడి లేదు, అద్దె లేదు. ఇళ్లకు వెళ్లేటపుడు తల్లిని వెంటబెట్టుకుంటాడు.

ఇపుడు పని ఒక్కడికి మించిపోయింది. మొదటి యువకుణ్ణి కూడా కలుపుకొమ్మన్నాము. అతనికి కబురు పంపాము. ఇంకా రాలేదు.