అంచు దాటితే అసలు వడి

తూర్పుతీరపు వేటనూ, తుపాన్లనూ శాసిస్తున్న లోతునీటి ప్రవాహాలపై ముఖచిత్ర కథనం

విశాఖ నుంచి పడవ కొన్ని పదుల కిలోమీటర్లు తూర్పుకు వెళ్లేసరికి, అంతవరకు 200 మీటర్ల లోపే ఉన్న సముద్రం అడుగు చప్పున కిందికి దిగిపోతుంది. వేల మీటర్ల లోతుకు జారే ఈ చరియే ఖండతీరపు వాలు. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ వాలును చీల్చిన లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు.

ఈ వాలు వెంటే తూర్పు భారత తీర ప్రవాహం సాగుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. మార్చి, ఏప్రిల్ నెలల్లో దీని వడి సెకనుకు మీటరు దాటుతుంది. ఇంజను ఆగిన పడవను ఒక్క రోజులో ఎనభై కిలోమీటర్లు లాక్కుపోగల వడి అది.

దీన్ని నడిపేది మన ఒడ్డున వీచే గాలి ఒక్కటే కాదు. భూమధ్యరేఖ దగ్గర గాలి లేపిన కదలిక సుమత్రా, మయన్మార్ తీరాలను పట్టుకుని బంగాళాఖాతం చుట్టి, వారాల తరవాత ఇక్కడికి చేరుతుంది. అందుకే ఇక్కడ గాలి పడిపోయినా నీరు ఉరుకుతూనే ఉంటుంది.

సుడి ఏ వైపు తిరిగింది?

ప్రవాహం మెలిక తిరిగి తెగిన చోట వంద, రెండొందల కిలోమీటర్ల వెడల్పున సుడులు పుడతాయి. అపసవ్యంగా తిరిగేవి లోపలి చల్లటి నీటిని పోషకాలతో సహా పైకి తెస్తాయి. ఆ మేత కోసం చేపలు చేరతాయి. సవ్యంగా తిరిగేవి వేడినీటిని లోతు దాకా పోగేస్తాయి. వాటి మీదుగా వెళ్లే తుపాను బలం పుంజుకుంటుంది. 2009 మేలో బెంగాల్‌ను దెబ్బతీసిన ఐలాకు అలాంటి సుడే ఊతమిచ్చింది.

కింద నీరు ఎదురు నడక

2009 తరవాతి ఏళ్లలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కడలూరు, కాకినాడ, విశాఖ, గోపాలపూర్‌ల ఎదుట ఈ వాలు మీద పరికరాలను లంగరు వేసి ఉంచింది. నీటితో కొట్టుకుపోయే చిన్న చిన్న జీవులకు తగిలి తిరిగొచ్చే ధ్వనిని బట్టి అవి ఒక్కో లోతులో వడిని కొలుస్తాయి. పైన నీరు ఒక దిక్కుకు పోతుంటే కింద ఎదురు దిక్కుకు పోవడం తరచూ జరిగేదేనని వాటివల్లే తేలింది. ఉపగ్రహానికి కనిపించేది పైపొర మాత్రమే.

ఈ అన్వేషణలో మత్స్యకారులకూ భాగముంది. ఎనిమిది చోట్ల వాళ్లు క్రమం తప్పకుండా పట్టి ఇచ్చిన నీటి నమూనాలే, వానాకాలం ముగిశాక గంగా బ్రహ్మపుత్రల మంచినీరు తీరాన్ని ఒరుసుకుంటూ దక్షిణానికి దిగే తీరును బయటపెట్టాయి.

కృష్ణా–గోదావరి లోతునీళ్ల గ్యాస్ బావులు, తీరం పొడవునా పడవలు, తుపాను హెచ్చరికలు, అన్నీ ఈ నీటి నడక మీదే ఆధారపడ్డాయి. ఒక ఏడాది కొలిస్తే రుతువు తెలుస్తుంది, మార్పు తెలియాలంటే పాతికేళ్ల కొలతలు కావాలి. ఆ పరికరాలను మళ్లీ మళ్లీ పైకి తీసి, సరిచేసి, తిరిగి దించే ఖర్చును ప్రభుత్వాలు తీర రక్షణ ఖర్చుగానే లెక్కవేయాలి.