పెళ్లి మనది... లిస్టు అందరిది!

సికింద్రాబాద్‌లో ఓ రైల్వే ఉద్యోగి ఇంటిని ఊహించుకోండి. నాన్నది గుడివాడ దగ్గర పల్లె. దక్షిణ మధ్య రైల్వేలో చేరినప్పటి నుంచీ కాపురం మెట్టుగూడలోనే. పోయినేడాది రిటైరయ్యారు. అమ్మాయికి హైటెక్ సిటీలో ఉద్యోగం. అబ్బాయి వాళ్లది సిద్దిపేట, ఇప్పుడు ఉండేది అల్వాల్‌లో. ఇద్దరూ ఇష్టపడ్డారు, రెండిళ్లలోనూ ఒప్పుకున్నారు.

హమ్మయ్య అనుకునేలోపే నాన్న లాంగ్ నోట్‌బుక్ తెరిచారు. మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు పెట్టి, 'శ్రీరస్తు' అని రాసి, కింద పేర్లు మొదలెట్టారు. మొదటి రోజు రాత్రికి నాలుగు వందల ఇరవై. పెదనాన్న ఫోన్ చేశాక ఐదు వందల పది. అబ్బాయి వాళ్ల లిస్టు ఇంకా రానేలేదు.

"నాన్నా, వీళ్లలో సగం మంది ఎవరో కూడా నాకు తెలీదు."

"నీకు తెలియక్కర్లేదమ్మా. వాళ్ల పిల్లల పెళ్లిళ్లకి మనం భోంచేసొచ్చాం."

పేర్లు మార్చుకుంటే ఇది మీ ఇల్లే కావచ్చు. పెళ్లి బడ్జెట్ గురించి మాట్లాడినప్పుడల్లా ఒకవైపు సంప్రదాయం, ఇంకోవైపు ఖర్చు అని పోటీ పెడతాం. కానీ లెక్క రాసి చూస్తే తేలేది వేరు. సంప్రదాయానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఎక్కువయ్యేది మొహమాటానికి!

బేరం రేటు దగ్గరా? తలల దగ్గరా?

ఒక లెక్క వేద్దాం. రెండు వైపులా కలిపి 900 మంది, ప్లేటు 650 రూపాయలు అనుకుందాం. భోజనాలకే 5,85,000. అదే 600 మంది అయితే 3,90,000. తేడా 1,95,000 రూపాయలు. ఇది భోజనాల తేడా మాత్రమే. తలలు తగ్గితే హాలు చిన్నదవుతుంది, కుర్చీలు, వాటర్ బాటిళ్లు, శుభలేఖలు, రిటర్న్ గిఫ్టులు, ఊరి నుంచి వచ్చేవాళ్లకి రూములు అన్నీ తగ్గుతాయి.

ఇప్పుడు ఇంకో లెక్క. డెకరేషన్ అతనితో మూడు రోజులు బేరమాడి పదివేలు తగ్గించారనుకోండి. అంటే పదిహేను ప్లేట్లు. పెదనాన్న ఒక్క ఫోన్ కాల్‌లో ఆ పదిహేనూ మళ్లీ ఎక్కించేస్తారు.

అందుకే మొదట తేలాల్సింది మెనూ కాదు, లిస్టు. పేర్లు కొట్టేయండి అంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, నిజమే. వాళ్లకి అది పేర్ల జాబితా కాదు, ముప్పై ఏళ్ల ఇచ్చిపుచ్చుకోవడాల ఖాతా. కాబట్టి 'ఎవర్ని తీసేద్దాం' అని అడక్కండి. 'పీటల మీద కూర్చున్నాక ఎవరు కనిపించకపోతే వెతుక్కుంటాం?' అని అడగండి. ఆ ప్రశ్నకి అమ్మ చెప్పే పేర్లు, నాన్న చెప్పే పేర్లు రాసుకోండి. అవి పెళ్లికి. మిగిలినవాళ్లకి తీరిగ్గా ఓ సాయంత్రం ఊళ్లోనో ఇంటి దగ్గరో భోజనాలు పెట్టొచ్చు. ఊళ్లో వడ్డన ఖర్చు సిటీ హాల్లో ప్లేటంత అవదు. పైగా పిలిచినవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడే వీలుంటుంది.

శాస్త్రానికి ఎంత? షోకి ఎంత?

నోట్‌బుక్‌లో ఇంకో పేజీ తీసి మూడు గీతలు కొట్టండి. మొదటి గడిలో శాస్త్రం, రెండో గడిలో చుట్టరికం, మూడో గడిలో షో. ప్రతి ఖర్చునీ ఏదో ఒక గడిలో వేయండి.

జీలకర్ర, బెల్లం, పసుపుతాడు, కొబ్బరిబోండాం, తలంబ్రాల బియ్యం, పసుపు, కుంకుమ, కర్పూరం... ఇవన్నీ మోండా మార్కెట్‌లో ఒక పూటలో, రెండు సంచుల్లో వచ్చేస్తాయి. పుస్తెలు, మట్టెలు, పురోహితుడి సంభావన, మంగళవాద్యం కలిపినా శాస్త్రం గడి అంత పెద్దదేం కాదు. పెట్టుపోతలు, భోజనాలు, ఊరి నుంచి బస్సు చుట్టరికం గడిలోకి వెళ్తాయి. డ్రోన్ షూట్, సంగీత్ స్టేజీ, ఎంట్రీకి పొగ మిషన్, ఎల్‌ఈడీ గోడ మూడో గడిలోకి.

మూడో గడి తప్పని ఎవరూ అనరు. మీకు సరదా ఉంటే పెట్టుకోండి. కాకపోతే ఆ గడి మీదని ఒప్పుకోండి. పెద్దవాళ్ల వల్లే ఖర్చు పెరిగిందని మనం అంటాం. మన రీల్ కోసం అమ్మానాన్న ఎంత పెడుతున్నారో ఆ మూడో గడి చెప్పేస్తుంది.

ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024లో జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ ఆగస్టిన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ఒక తీర్పులో హిందూ వివాహమంటే పాటలు, డ్యాన్సులు, విందులు, మందు పార్టీల కార్యక్రమం కాదని స్పష్టం చేసింది. జరగాల్సిన క్రతువు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే తెచ్చుకుంటే 1955 హిందూ వివాహ చట్టం కింద అది పెళ్లి కాదని చెప్పింది. అంటే చట్టం చూసేది కూడా ఆ మొదటి గడినే!

ఐరేని కుండలు వాళ్లవి, కాశీయాత్ర మనది

మన మెట్టుగూడ ఇంట్లో రెండో తగువు పద్ధతుల దగ్గర. అబ్బాయి వాళ్లకి ఎదుర్కోళ్లు ఘనంగా జరగాలి, ఐరేని కుండలు రావాలి, ఒడిబియ్యం పోయాలి. అమ్మాయి వాళ్లకి స్నాతకం, కాశీయాత్ర, సారె కావిళ్లు ఉండాలి. బంగారం మాటొస్తే వాళ్లు తులాల్లో లెక్కేస్తారు, వీళ్లు కాసుల్లో. తులం పది గ్రాములు, కాసు ఎనిమిది. ఈ తేడా తెలీక ఫోన్లో రెండు రోజులు అపార్థాలే!

అబ్బాయి వాళ్లమ్మ అంటారు: "వదినా, మా దిక్కు లగ్గం పగటీలే చేస్తం. దావత్‌ల మటన్ లేకుంటే మావోళ్లు మాట అంటరు."

అమ్మాయి వాళ్లమ్మ అంటారు: "పెళ్లి పందిట్లో నీచు అంటే మా అత్తగారు లేచి వెళ్లిపోతారు వదినగారూ."

ఇద్దరిదీ తప్పులేదు. ఇక్కడ చాలామందికి తెలీని సంగతొకటి. హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం పెళ్లి వధూవరుల్లో ఎవరి ఆచారం ప్రకారమైనా జరగొచ్చు. సప్తపది ఉన్న ఆచారమైతే ఏడో అడుగు వేయగానే పెళ్లి పూర్తయినట్టు. కాబట్టి ఫలానా వైపు పద్ధతే కరెక్టు అని ఎవరూ పట్టుబట్టక్కర్లేదు.

మరి చేయాల్సిందేంటి? రెండు వైపుల పురోహితుల్నీ, ఇద్దరమ్మల్నీ ఒక్కసారి కూర్చోబెట్టి, ఏ క్రతువు ఎక్కడ, ఎంతసేపు, సామాను ఎవరు తేవాలి అని ఒకే కాగితం మీద రాయించండి. ఎదుర్కోళ్లు హాలు గేటు దగ్గర, కాశీయాత్ర పొద్దున్నే పావుగంట, పెళ్లి భోజనం శాకాహారం, దావత్ మర్నాడు అల్వాల్‌లో అబ్బాయి వాళ్లింటి దగ్గర. రెండు వైపులా తలా ఒకటి వదులుకుంటే, తలా రెండు దక్కుతాయి. ఆ కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పిన్ చేయండి. ముహూర్తానికి పది నిమిషాల ముందు 'గంధం గిన్నె ఏదీ' అని పరుగులు తప్పుతాయి.

ముహూర్తం ఒకటే అడక్కండి

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. గురు, శుక్ర మౌఢ్యాలొస్తే అసలే ఉండవు. అవి దాటాక వచ్చే మంచిరోజుకి బోయిన్‌పల్లి నుంచి తాడ్‌బండ్, సిఖ్ విలేజ్ దాకా హాళ్లన్నీ ఒకేసారి వెలుగుతాయి. హాలు, వంటవాళ్లు, ఫొటోగ్రాఫర్, ఆఖరికి పూలు కూడా ఆ రోజు ప్రియమే. అందుకే సిద్ధాంతిగారిని ఒక్క ముహూర్తం కాకుండా మూడు అడగండి. అందులో ఒకటి వారం మధ్యలో ఉంటే మరీ మంచిది. మూడు తేదీలు చేతిలో పెట్టుకుని హాలుకి వెళ్తే బేరమాడే బలం మీకుంటుంది.

హాలు అద్దె ఒక్కటే అడిగి వచ్చేయకండి. కరెంటు మీటర్ లెక్కా? జనరేటర్ డీజిల్ ఎవరిది? క్లీనింగ్ వేరేనా? జీఎస్టీ కలిపా, విడిగానా? బయటి వంటవాళ్లని, మన డెకరేషన్ అతన్ని రానిస్తారా? ఎన్ని గంటలకి ఖాళీ చేయాలి? జవాబులన్నీ రసీదు మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. చుట్టాల దారి కూడా చూసుకోండి. సిద్దిపేట, కరీంనగర్ వాళ్లు జేబీఎస్‌లో దిగుతారు. విజయవాడ వాళ్లు సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగుతారు. రెండింటికీ దగ్గర్లో హాలు దొరికితే కార్లు, వ్యాన్ల ఖర్చు సగం తప్పినట్టే.

జనరల్ బజార్‌లో ఓ పూట

పెళ్లి బట్టలంటే జనరల్ బజార్ ఉండనే ఉంది. పెట్టుబడి చీరలకి, బ్లౌజు పీసులకి, లేసులకి అక్కడి సందుల్లో తిరిగినంత లాభం ఇంకెక్కడా ఉండదు. చీరలు ఎంతమందికి, ఏ ధరలో అని ముందే రాసుకుని వెళ్లండి. అత్తయ్యకి, పిన్నికి రెండు వందల తేడా ఉన్నా పెళ్లయిన పదేళ్లకి కూడా వినాల్సొస్తుంది!

పెళ్లికూతురి పట్టుచీర విషయంలో ఒక ప్రశ్న వేసుకోండి: ఇది మళ్లీ ఎన్నిసార్లు కడతాను? గద్వాల, పోచంపల్లి చీరలైతే ఆఫీసు ఫంక్షన్‌కీ పనికొస్తాయి. ఒక్క రోజు వేసుకునే లెహెంగా అద్దెకు తీసుకున్నా ఎవరూ గుర్తుపట్టరు. అమ్మ పెళ్లినాటి చీర ఉంటే ప్రధానానికి కట్టుకోండి. ఆ రోజు అమ్మ మొహం చూడండి చాలు.

నగల కోసం పాట్ మార్కెట్‌కి వెళ్తే గ్రాము రేటు ఒక్కటే చూడకండి. తరుగు, మజూరీ ఎంతో విడిగా అడగండి. దాని మీద 3 శాతం జీఎస్టీ ఉంటుంది. హాల్‌మార్క్‌తోపాటు నగ మీద ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ కోడ్ ఉందో లేదో చూసి, బిఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోండి. రాళ్ల బరువు బంగారం బరువులో కలిసిపోకుండా బిల్లు మీద వేరుగా రాయించండి.

నాన్న ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు

ఇప్పుడు అసలు మాట. అమ్మాయికి రాత్రి నీళ్లు తాగడానికి లేచినప్పుడు వంటింట్లో వినిపించింది: "బ్యాంకులో వేసింది తీసేద్దాం. తక్కువైతే లోన్ పెడదాం. ఒక్కగానొక్క పిల్ల."

పది లక్షలు 12 శాతం వడ్డీకి ఐదేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటే నెలకి దాదాపు 22,200 కట్టాలి. ఐదేళ్లలో కట్టేది దాదాపు 13.35 లక్షలు. ఆ స్టేజీ మీద పూలు మర్నాటికే వాడిపోతాయి, వాయిదాలు మాత్రం పిల్లలు బడికి వెళ్లేదాకా నడుస్తాయి. నాన్న మోకాలి ఆపరేషన్‌కి దాచుకున్నది కల్యాణ మండపంలో కరిగిపోతే, తర్వాత ఆ భారం పడేది మన మీదే.

అందుకే మొదటి వారంలోనే అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ కూర్చుని 'మా దగ్గర ఇంత ఉంది, ఇంతలోనే చేద్దాం' అని ఒకే మాటగా రెండిళ్లలోనూ చెప్పండి. ఖర్చు సగం సగం అంటే అబ్బాయే తన ఇంట్లో చెప్పాలి. ఆ మాట అమ్మాయి నోట వస్తే లెక్క అంటారు, అబ్బాయి నోట వస్తే సంస్కారం అంటారు.

'మేం ఏమీ అడగం, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం' అనే తియ్యటి మాట వెనక ఉండేదీ చాలాసార్లు కట్నమే. 1961 చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, తీసుకోవడం, అడగడం మూడూ నేరాలే. అడక్కుండా ప్రేమతో ఇచ్చే కానుకలకి కూడా జాబితా రాసి సంతకాలు పెట్టుకోవాలని నిబంధనలున్నాయి.

చేతిలో డబ్బు బొత్తిగా లేనివాళ్లకీ దారులున్నాయి. తెలంగాణలో అర్హత ఉన్న పేద కుటుంబాలకి కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ ఉన్నాయి. 2014లో 51,000తో మొదలైన ఆ సాయం తర్వాత 1,00,116కి పెరిగింది. తిరుమలలో టీటీడీ కల్యాణ వేదికలో పురోహితుడు, మంగళవాద్యం, పసుపు కుంకుమ ఉచితం. ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని, వధూవరులు తల్లిదండ్రులతో వెళ్లాలి. కొండ మీద పెళ్లి చేసుకుని, ఇంటి దగ్గర చిన్న విందు ఇచ్చేవాళ్లని తక్కువగా చూసే రోజులు కావివి.

పెళ్లయ్యాక మర్చిపోకూడనిది రిజిస్ట్రేషన్. మన దగ్గర 2002 చట్టంతో అది తప్పనిసరి. వీసాకి వెళ్లినప్పుడు ఆల్బమ్ ఎవరూ అడగరు, సర్టిఫికెట్టే అడుగుతారు. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, వయసు, చిరునామా రుజువులు ఒక కవర్లో ముందే పెట్టుకోండి.

మళ్లీ మన మెట్టుగూడ ఇంటికి వద్దాం. ఆదివారం మధ్యాహ్నం నోట్‌బుక్ మళ్లీ తెరిచారు. 'ఎవరు కనిపించకపోతే వెతుక్కుంటాం' అన్న ప్రశ్నతో ఐదు వందల పది కాస్తా రెండు వందల ఎనభైకి దిగింది. నాన్న కళ్లజోడు సర్దుకుని, చివర్లో మెల్లిగా ఇంకో పేరు రాశారు. ఎన్నో ఏళ్లు తనతో నైట్ డ్యూటీ చేసి, చలిరాత్రుల్లో టీ పంచుకున్న గ్యాంగ్‌మన్ పేరు. అమ్మాయికి ఆయనెవరో తెలీదు.

"ఈయన్ని పిలవాలమ్మా" అన్నారు నాన్న.

"మొదటి వరసలో కూర్చోబెడదాం నాన్నా" అంది అమ్మాయి.