ఏఐ ఏజెంట్ల కోసం టూల్స్: వివరణ రాయడం, పరీక్షించడం

గత పాఠంలో ఏపీఐ గురించి చదివారు. ఏపీఐని వాడదలచిన ప్రోగ్రామర్ ముందు దాని వివరణ పత్రం చదువుతాడు. అర్థం కాకపోతే ఒకసారి నడిపి చూస్తాడు. అప్పటికీ తేలకపోతే పక్క సీటులోని సహోద్యోగిని అడుగుతాడు. అదే ఏపీఐని ఏఐ ఏజెంట్ వాడవలసి వచ్చినప్పుడు దాని ముందు ఉండేది మనం రాసిపెట్టిన నాలుగు వాక్యాలే. అందులో లేనిదాన్ని అది చాలాసార్లు అడగదు, ఊహించుకుంటుంది.

ఏజెంట్ అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. భాషా నమూనా ఒక పనిని దశలుగా చేస్తూ, ఏ దశలో ఏ టూల్‌ను పిలవాలో తానే నిర్ణయించుకొని, వచ్చిన ఫలితాన్ని బట్టి తరువాతి అడుగు వేసే వ్యవస్థను ఏజెంట్ అంటారు. టూల్ దానికి పరిచయమయ్యేది పేరు, వివరణ, ఇవ్వవలసిన విలువల నిర్మాణం అనే మూడింటి ద్వారా. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ ఇవే ఉంటాయి. విలువల నిర్మాణాన్ని జేసన్ స్కీమాలో రాస్తారు. స్కీమా సరిపోయిందో లేదో కంప్యూటర్ చూస్తుంది. అర్థం సరిపోయిందో లేదో చూడవలసింది మనమే.

పరీక్ష రుసుము చెల్లించే టూల్ ఒకటి ఉందనుకుందాం. దాని వివరణలో 'రుసుము చెల్లిస్తుంది' అని మాత్రమే ఉంది. హాల్‌టికెట్ సంఖ్య, మొత్తం, తేదీ ఇవ్వాలి. ఏజెంట్ 03/04/2025 అని ఇచ్చింది. మనకది ఏప్రిల్ 3, అమెరికా పద్ధతిలో మార్చి 4. మొత్తం 500 అని ఇచ్చింది. చెల్లింపు వ్యవస్థ పైసల్లో లెక్కించేదైతే కట్టింది 5 రూపాయలే. స్కీమా ప్రకారం ఈ రెండింటిలోనూ తప్పు లేదు! ఇక సర్వర్ నుంచి జవాబు రాలేదని ఏజెంట్ మళ్లీ పిలిస్తే, విద్యార్థి ఖాతా నుంచి డబ్బు రెండుసార్లు పోవచ్చు.

దాన్ని ఇలా తిరగరాయవచ్చు: 'ఒక విద్యార్థి పరీక్ష రుసుమును చెల్లిస్తుంది. మొత్తాన్ని పైసల్లో ఇవ్వాలి, 500 రూపాయలకు 50000. తేదీ 2025-04-03 రూపంలో ఉండాలి. బాకీ ఎంతో తెలుసుకోవడానికి దీన్ని వాడవద్దు, అందుకు రుసుము వివరాల టూల్ ఉంది. జవాబు రాకపోతే మళ్లీ పిలవకుండా చెల్లింపు స్థితిని చూడాలి.' ఎప్పుడు వాడకూడదో చెప్పే వాక్యాన్ని విద్యార్థులు తరచుగా మరచిపోతారు. నేను దిద్దేటప్పుడు మొదట వెతికేది దాన్నే.

అయితే అన్నిటినీ వివరణ మీదే వదిలేయకూడదు. ఒకే చెల్లింపు సంఖ్యతో రెండోసారి వచ్చిన కోరికను టూలే తిరస్కరించాలి. ఆంత్రోపిక్ ఇంజనీర్లు తమ ప్రోగ్రామింగ్ ఏజెంట్ డైరెక్టరీ మారిన తరువాత ఫైళ్ల చిరునామాలను తప్పుగా ఇస్తోందని గమనించారు. హెచ్చరిక రాసి ఊరుకోలేదు. మూలం నుంచి పూర్తి చిరునామా ఇస్తేనే పనిచేసేలా టూల్‌ను మార్చారు, ఆ తప్పు పోయింది. ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2024లో ప్రకటించిన ఎస్‌డబ్ల్యూఈ-ఏజెంట్‌లోనూ ఇలాంటిదే ఉంది. వాక్యనిర్మాణ దోషమున్న మార్పును ఎడిటర్ స్వీకరించదు, దోషమేమిటో చెబుతుంది. దోష సందేశం కూడా వివరణలో భాగమే. 'లోపం 400' అంటే ఏజెంట్‌కు ఏం తెలుస్తుంది? 'మొత్తం 500 పైసలు, బాకీ 50000 పైసలు' అంటే సరిదిద్దుకోగలదు.

ఇక పరీక్షించడం. సరైన టూల్‌ను పిలిచిందా అని మాత్రమే చూస్తే చాలదు. 2024లో వచ్చిన టావ్-బెంచ్ అనే పరీక్షలో దుకాణం, విమానయానం రంగాల వినియోగదారులతో ఏజెంట్ సంభాషించాలి. చివరికి డేటాబేస్ ఉండవలసిన స్థితిలో ఉందా లేదా అన్నదాన్ని బట్టి మార్కు వేస్తారు. ఒకే పనిని పలుమార్లు ఇస్తారు కూడా. అప్పటి మేటి నమూనాల్లో ఒకటైన జీపీటీ-4ఓ సగం పనులైనా పూర్తి చేయలేకపోయింది. దుకాణం రంగంలో 8 సార్లకు 8 సార్లూ సరిగా చేసినవి 25 శాతం లోపే.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు, లెక్క వేసి చూడండి. ఒకసారికి 90 శాతం సఫలమయ్యే ఏజెంట్, ప్రయత్నాలు ఒకదానిపై ఒకటి ఆధారపడవనుకుంటే, వరుసగా 8 సార్లు సఫలమయ్యే అవకాశం 0.9 ఘాతం 8, అంటే సుమారు 43 శాతం. తరగతిలో ప్రదర్శించడానికి 90 చాలు. పదివేలమంది రుసుము కట్టే చోట చాలదు.

పరీక్షకు ఇచ్చే పనులు మనుషులు మాట్లాడే తీరులోనే ఉండాలి. 'నా ఫీజు సంగతి చూడండి' అన్న విద్యార్థి కట్టమన్నాడా, ఎంతో చెప్పమన్నాడా? ఇక్కడ టూల్‌ను పిలవకుండా తిరిగి అడగడమే సరైన జవాబు. అలాంటి పనులు కూడా పరీక్షలో ఉండాలి. విఫలమైన ప్రతి ప్రయత్నపు నమోదును మొదటినుంచి చదవండి, విసుగు పుట్టినా సరే. ఏ వాక్యం తప్పుదారి పట్టించిందో అక్కడే దొరుకుతుంది. ఒకసారికి ఒక వాక్యమే మార్చి, అవే పనులను మళ్లీ నడపండి. కొన్ని పనులను విడిగా దాచి ఉంచి, చివర్లోనే వాడండి.

అభ్యాసం: మీ అధ్యయన కేంద్రంలో తరగతుల తేదీలు తెలిపే టూల్‌కు ఆరు వాక్యాలకు మించకుండా వివరణ రాయండి. దాన్ని ఈ కోర్సు తెలియని ఒకరికి ఇచ్చి, మీరేమీ చెప్పకుండా, ఏ విలువలు ఇస్తారో కాగితం మీద రాయించండి.