రెండు టికెట్లు, ఒక పెట్టె: చౌక విమానాల మధ్య లగేజీ మార్పిడి

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
- విడివిడి టికెట్లపై వెళ్లినప్పుడు చెక్-ఇన్ లగేజీ దానంతటది రెండో విమానానికి ఎందుకు చేరదో వివరించగలరు;
- రెండు విమానాల మధ్య నిజంగా మిగిలే సమయాన్ని లెక్కించగలరు;
- చౌక టికెట్ అసలు ఖర్చును అంచనా వేయగలరు.

1. పరిచయం

హైదరాబాద్‌లోని కృష్ణానగర్ సినిమా కార్మికుల పేట. లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్, కాస్ట్యూమ్ సహాయకులు ఇక్కడి నుంచే షూటింగులకు బయలుదేరుతారు. వారిలో ఒక కాస్ట్యూమ్ సహాయకుడిని ఊహించుకోండి. మరునాడు ఉదయం పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) షూటింగ్. దుస్తుల పెట్టె బరువు 22 కిలోలు. హైదరాబాద్ నుంచి చెన్నైకి ఒక సంస్థలో, అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు మరో సంస్థలో అతడు టికెట్లు కొన్నాడు. శంషాబాద్‌లో అప్పగించిన పెట్టె ఎంతవరకు వెళ్తుంది? చెన్నై వరకే.

2. కారణం ఏమిటి?

మీ పెట్టె మీ వెంట రాదు. మీ టికెట్ వెంట వెళ్తుంది. టికెట్ అంటే మీకూ విమాన సంస్థకూ మధ్య ఒప్పందం. ప్రయాణం మొత్తం ఒకే టికెట్‌పై ఉండి, సంస్థల మధ్య ఇంటర్‌లైన్ ఒప్పందం ఉంటే, ఒకరు తీసుకున్న లగేజీని మరొకరికి అప్పగిస్తారు. పీఎన్ఆర్‌లు రెండైతే ఒప్పందాలూ రెండే. మొదటి సంస్థ బాధ్యత చెన్నైలో బెల్టు మీద పెట్టె పెట్టడంతో ముగుస్తుంది.

మన దేశంలో చౌక విమానయానం 2003లో ఎయిర్ డెక్కన్‌తో మొదలైంది. ఒక ఊరి నుంచి మరో ఊరికి నేరుగా చేర్చడం, విమానాన్ని త్వరగా తిరిగి బయలుదేరదీయడం ఈ పద్ధతికి మూలం. లగేజీ బదిలీకి సిబ్బంది, సమయం, పోయిన పెట్టెకు పూచీ కావాలి. ఆ ఖర్చును తగ్గించుకోవడం కూడా టికెట్ చౌకగా ఉండటానికి ఒక కారణం. అంటే తగ్గిన ధరతో పాటు ఆ పని కూడా మీ చేతికి వస్తుంది. ఇండిగో వంటి సంస్థలు కొన్ని విదేశీ సంస్థలతో కోడ్‌షేర్ ఒప్పందాలు చేసుకున్నాయి. కాని ఆ సౌకర్యం ఒకే టికెట్‌పై కొన్నవారికే.

3. సమయం లెక్క

మన సహాయకుడి విమానం 10.00 గంటలకు చెన్నైలో దిగుతుంది, రెండోది 12.00 గంటలకు బయలుదేరుతుంది అనుకుందాం. చూడటానికి రెండు గంటల వ్యవధి. పెట్టె బెల్టు మీదికి వచ్చేసరికి 10.35. దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే, అంటే 11.00కు మూసేస్తారు. మిగిలింది 25 నిమిషాలు. బయటికి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లి, వరుసలో నిలబడటం ఆ 25 నిమిషాల్లోనే. మొదటి విమానం అరగంట ఆలస్యమైతే అదీ ఉండదు. రెండో సంస్థ దృష్టిలో అతడు రాని ప్రయాణికుడు. టికెట్ డబ్బులో పన్నులు, కొన్ని రుసుములు తప్ప సాధారణంగా తిరిగి రావు. దుస్తులు చేరకపోతే యూనిట్ మొత్తం ఆగుతుంది. మాట పడేది అతడే.

4. డబ్బు లెక్క

చౌక సంస్థలు దేశీయ ప్రయాణంలో సాధారణంగా 15 కిలోలు అనుమతిస్తాయి. అదనపు 7 కిలోలకు అతడు రెండు సంస్థలకూ విడివిడిగా చెల్లించాలి. ముందే ఆన్‌లైన్‌లో కొంటే తక్కువ, కౌంటర్ దగ్గర ఎక్కువ. కాబట్టి టికెట్ ధరలను కాదు, టికెట్లు, అదనపు బరువు, తప్పిపోతే కొనాల్సిన కొత్త టికెట్ కలిపి పోల్చండి.

5. విదేశీ ప్రయాణంలో

విడి టికెట్లపై మధ్యలో ఒక దేశంలో దిగి పెట్టె తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి. అందుకు ఆ దేశపు వీసా నిబంధనలు ముందే చూసుకోవాలి. విమానాశ్రయంలో టెర్మినళ్లు వేరైతే సమయం మరింత కావాలి. కౌలాలంపూర్‌లో ఎయిర్ ఏషియా టెర్మినల్ 2 నుంచి, మలేషియా ఎయిర్‌లైన్స్ టెర్మినల్ 1 నుంచి నడుస్తాయి. తిరుగు ప్రయాణంలో ఢిల్లీ, ముంబయి మీదుగా హైదరాబాద్ వచ్చేవారు, టికెట్ ఒకటే అయినా, సాధారణంగా మొదట దిగిన చోటే పెట్టె తీసుకుని కస్టమ్స్ దాటాలి.

అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక వర్తిస్తుంది. భారత్ 2009లో అందులో చేరింది. దాని ప్రకారం పెట్టె దెబ్బతింటే అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికి అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

6. జాగ్రత్తలు

- కొనే ముందే పీఎన్ఆర్ ఒకటా, రెండా చూడండి.
- కౌంటర్ వదిలే ముందు ట్యాగ్ మీద చివరి ఊరి సంకేతం చదవండి. చెన్నై సంకేతం ఉంటే పెట్టె చెన్నైలోనే దిగుతుంది.
- విడి టికెట్లయితే కనీసం నాలుగైదు గంటల వ్యవధి ఉంచండి. తప్పనిసరి పని ఉంటే ముందురోజే చేరండి.
- మొదటి రోజుకు కావలసినవి చేతి సంచిలో పెట్టుకోండి.

7. సారాంశం

ఒకే టికెట్‌పై రెండు విమానాలను కలిపే బాధ్యత సంస్థలది. విడి టికెట్లపై ఆ బాధ్యత మీది. చౌక టికెట్ తప్పు కాదు; ఆ బాధ్యత తెలియకుండా కొనడమే నష్టం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఇంటర్‌లైన్ ఒప్పందం అంటే ఏమిటి?
2. విమానం 14.00కు దిగి, పెట్టె 14.40కు అందింది. తరవాతి విమానం 16.30కు బయలుదేరుతుంది. కౌంటర్ మూసేలోగా మీకు మిగిలే సమయం ఎంత? (జవాబు: 50 నిమిషాలు)