సైకిలు షాకబ్జార్బరు ఫోర్కు: మన్నిక, సంరక్షణ

ఉన్నత పాఠశాలకు వెళ్ళు బాలబాలికలు నేడు ఎక్కుచున్న సైకిళ్ళలో అనేకము పూర్వపు నల్ల సైకిళ్ళ వంటివి కావు. వాటికి లావుపాటి టైర్లును, ముందు చక్రమున కిరువైపుల మోటారు సైకిలునకు ఉన్నట్టి షాకబ్జార్బర్లును కలవు. ఈ భాగమును చూచి తల్లిదండ్రులు సైకిలు మిక్కిలి దృఢమైనదని భావించుట సహజము. కాని పాత సైకిలు ఫోర్కు కదలని ఇనుప గొట్టము. దానికి చేయవలసిన సేవ దాదాపు లేదు. షాకబ్జార్బరు ఫోర్కు కదలెడి యంత్రము. దానికి చమురు, శుభ్రత, తనిఖీ కావలెను. ఈ సంగతి అమ్మునప్పుడు చెప్పువారు అరుదు.

ఇట్టి సైకిళ్ళు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మారిన్ ప్రాంతపు కొండలలో పుట్టినవి. 1976లో అచ్చటి యువకులు పాత సైకిళ్ళతో ఒక నిట్రమైన కొండదారిన దిగుడు పందెములు ప్రారంభించిరి. ఒక్కసారి దిగునప్పటికే వెనుక హబ్బులోని బ్రేకు వేడెక్కి, గ్రీజు పొగయై పోవుచుండెను. మరల గ్రీజు నింపవలసి వచ్చుటచే ఆ పందెమునకు 'రీప్యాక్' అని పేరు పడినది. కొండ సైకిలు చరిత్రలో ఒక మరమ్మతు పనియే పందెమునకు పేరయినదన్నమాట! షాకబ్జార్బరు తరువాతి కాలమున వచ్చినది. పాల్ టర్నర్ స్థాపించిన రాక్‌షాక్స్ సంస్థ వారి తొలి ఫోర్కు సుమారు 2 అంగుళములు మాత్రమే కదలెడిది. 1990లో కొలరాడో రాష్ట్రములోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీలలో దిగుడు పందెమును గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్కుతోనే గెలిచెను. అయితే అట్టి పందెగాండ్ర వెనుక మెకానిక్కులు ఉందురు. మన పిల్లల వెనుక ఎవరున్నారు?

ఫోర్కులో పై గొట్టములు రెండు, క్రింది గొట్టములలో జారుచు పైకి క్రిందికి కదలును. లోపలి స్ప్రింగు గాని, బిగించిన గాలి గాని బరువును మోయును. మంచి ఫోర్కులలో నూనె సన్నని రంధ్రముల గుండా పోవుచు, స్ప్రింగు ఒక్కసారిగా ఎగురకుండ ఆపును. గొట్టములు రాసుకొనకుండ బుష్షులు, దుమ్ము లోనికి పోకుండ రబ్బరు సీళ్ళు ఉండును. చవక ఫోర్కులలో స్ప్రింగు, గ్రీజు తప్ప మరేమియు ఉండదు. పై గొట్టములు క్రోమియం పూత పూసిన ఇనుము. పూత లేచినచోట త్రుప్పు పట్టును. త్రుప్పు గరుకై సీలును కోయును. కోసిన సీలు గుండా నీరు, దుమ్ము చొరబడి బుష్షులను అరగదీయును. ఒకనాటికి ఫోర్కు బిగిసిపోవును, లేదా వదులై ఊగులాడును. బిగిసిన ఫోర్కు మామూలు ఫోర్కు వంటిదే. కాని సుమారు రెండింతల బరువు, లోపల కనబడని త్రుప్పు అదనము.

ఎక్కువ భయపడవలసినది నూనె కారుటకు. సీలు చెడినచో నూనె క్రిందికి జారి డిస్కు బ్రేకుపై పడును. బ్రేకు నొక్కినను చక్రము ఆగదు. గొట్టముపై పలుచని జిడ్డు కనబడుట దోషము కాదు. చుక్కలుగా కారినచో సైకిలు నాటినుండియే నిలిపివేయవలెను.

తయారీదారులు నియమించిన గడువులు మన వారికి ఆశ్చర్యము గొల్పును. రాక్‌షాక్స్ వారు ప్రతి 50 గంటల సవారీకి క్రింది గొట్టములను విప్పి, శుభ్రపరచి, నూనె మార్చవలెనని చెప్పుచున్నారు. దినమునకు ఒక గంట చొప్పున బడికి పోయి వచ్చు పిల్లవానికి ఇది రెండు మాసముల లెక్క. ఇది విలువైన ఫోర్కుల మాట. చవక వానికి కనీసము వర్షాకాలము ముగియగానే విప్పించి, పాత గ్రీజు తుడిచి క్రొత్తది పెట్టించవలెను. గాలి నింపిన ఫోర్కును మాత్రము గాలి పూర్తిగా తీయక విప్పరాదు. లోపలి భాగములు తుపాకి గుండువలె ఎగిరి మెకానిక్కును గాయపరచవచ్చును. దానిని టైర్ల కంప్రెసరుతో నింపరాదు; వేరే చేతిపంపు కలదు.

ఇంటివద్ద చేయదగినది స్వల్పము. సవారీ ముగిసిన పిమ్మట పై గొట్టములను మెత్తని గుడ్డతో తుడువవలెను. వాటరు సర్వీసింగు దుకాణపు నీటి ధారను సీళ్ళపై కొట్టించరాదు. కిరసనాయిలు రబ్బరునకు శత్రువు.

పరీక్ష సులభము. ముందు బ్రేకు గట్టిగా పట్టి, సైకిలును ముందునకు వెనుకకు ఊపవలెను. టకటక చప్పుడు వచ్చిన, పై గొట్టము క్రింది గొట్టములో దూరు చోట వ్రేలు పెట్టి చూడవలెను. కదలిక అచ్చట తెలిసిన బుష్షులు అరిగినవి; హ్యాండిల్ క్రింద తెలిసిన హ్యాండిల్ బేరింగులు వదులైనవి. పిమ్మట హ్యాండిల్‌ను అదిమి వదలిన, ఫోర్కు పట్టివేయక దిగి నిదానముగా లేవవలెను. గొట్టములు కలియు పై పట్టీవద్ద చీలిక ఉన్నచో ఫోర్కును మార్చవలసినదే. వెల్డింగు చేయించుట ప్రాణాపాయము.

చవక ఫోర్కులకు విడిభాగములు దొరకుట కష్టము. కావున బడికి పోవు సైకిలునకు మామూలు ఫోర్కే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయము. పిల్లలు ఒప్పుకొనరు, అది వేరు సంగతి! ఇదివరకే కొన్న సైకిళ్ళ విషయమున పంచాయతీ సభ్యులు, ఊరి సైకిలు మెకానిక్కును వెంటబెట్టుకొని, పాఠశాల ఆవరణలో ఒక ఉదయము పైన చెప్పిన పరీక్ష జరిపించవచ్చును. సైకిలు ఒక్కింటికి రెండు నిమిషములు చాలును. వర్షములు వెనుకపట్టిన పిదప ఈ పని పెట్టుకొనుట అనుకూలము.